ట్రాక్టరు ముందు చక్రానికి సీలు ఎందుకు? దానిని ఎలా మారుస్తారు?

డిచ్‌పల్లి, బోధన్ ప్రాంతాల వరి మళ్లలో దమ్ము చేసే ట్రాక్టర్ల ముందు చక్రాలు గంటల తరబడి బురదనీటిలో తిరుగుతాయి. చక్రం స్పిండిల్ అనే, తాను తిరగని ఇరుసుపై బేరింగుల సాయంతో తిరుగుతుంది. ఆ బేరింగులలోని గ్రీజు బయటికి పోకుండా, బురద లోపలికి చేరకుండా కాపాడే రబ్బరు వలయమే సీలు. దాని సన్నని అంచు నిరంతర ఒరిపిడికి అరిగి, కాలక్రమంలో గట్టిపడి పగిలినప్పుడు, లోపలికి చేరిన నీరు బేరింగులకు తుప్పు పట్టిస్తుంది.

మెకానిక్ ట్రాక్టరును జాకీతో పైకెత్తి, కదలకుండా దిమ్మెలపై నిలిపి, నట్టు విప్పి, చక్రం మధ్యభాగమైన హబ్‌ను వెలుపలికి లాగి, పాత సీలును తొలగిస్తాడు. తరువాత ఇరుసును శుభ్రపరచి, దానిపై గాడి పడలేదని నిర్ధారించుకొని, బేరింగులకు కొత్త గ్రీజు పట్టించి, కొత్త సీలును ఒక పక్కకు ఒరగకుండా సమంగా కూర్చుతాడు. చక్రం ఊగకుండా, పట్టేయకుండా తిరిగేంతవరకే నట్టును బిగించి, అది వదులు కాకుండా కొత్త పిన్నును అమరుస్తాడు. చవకైన ఈ వలయాన్ని సకాలంలో మార్చడమే ఖరీదైన బేరింగులకు రక్షణ.