ప్రింటర్ మీద ఫోన్ పెత్తనం ఎందుకు?

వట్టెం నవోదయ ప్రవేశ పరీక్ష హాల్‌టికెట్ కావాలన్నా, పాలెం వ్యవసాయ కళాశాల విద్యార్థికి ప్రాజెక్టు రిపోర్టు కావాలన్నా బిజినేపల్లి మండలంలో చివరికి పని పడేది ప్రింటర్‌తోనే. జిరాక్స్ సెంటర్‌కు తిరగలేక ఇంటికే ఒకటి తెచ్చుకుంటే, పెట్టె విప్పగానే క్యూఆర్ కోడ్ ఉన్న కాగితం కనిపిస్తుంది. యాప్ వేసుకోండి, ఖాతా తెరవండి అంటుంది. అపోహలు అక్కడే మొదలవుతాయి.

అపోహ: యాప్ లేకుంటే ప్రింటర్ పనిచేయదు.

వాస్తవం: చాలా ప్రింటర్లకు యూఎస్‌బీ కేబుల్ చాలు. కంప్యూటర్‌కు తగిలించి నెట్ ఆన్‌లో ఉంచితే, సాధారణంగా విండోస్ తానే డ్రైవర్ తెచ్చుకుంటుంది. వైఫై కావాలంటే, రౌటర్‌కు డబ్ల్యూపీఎస్ బటన్ ఉందేమో చూడండి. దాన్ని నొక్కి, రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీది వైఫై బటన్ నొక్కి పట్టుకుంటే రెండూ కలుస్తాయి. ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో ప్రింటర్‌తో వచ్చే పుస్తకంలో ఉంటుంది.

మినహాయింపు లేకపోలేదు. హెచ్‌పీ కంపెనీ ‘హెచ్‌పీ ప్లస్’ పథకంలో చేర్చిన ప్రింటర్‌కు ఖాతా, నెట్ ఉండాలి, ఆ కంపెనీ ఇంకు మాత్రమే వాడాలి. చేరే ముందే ఇది తెలుసుకోవాలి.

అపోహ: ఫోన్ నుంచి ప్రింట్ తీయాలంటే కంపెనీ యాపే దిక్కు.

వాస్తవం: ఐఫోన్లలో ఎయిర్‌ప్రింట్ 2010 నుంచే ఉంది. ఆండ్రాయిడ్ 8, ఆ తర్వాతి ఫోన్లలో చాలావాటికి ప్రింట్ సదుపాయం ముందే ఉంటుంది. ఫోనూ, ప్రింటరూ ఒకే వైఫైలో ఉంటే, పీడీఎఫ్ తెరిచి ‘ప్రింట్’ నొక్కగానే కొత్త మోడళ్లలో చాలావాటి పేరు కనిపిస్తుంది.

అపోహ: యాప్ అడిగిన అనుమతులన్నీ ఇవ్వాల్సిందే.

వాస్తవం: అక్కర్లేదు. లొకేషన్ మాత్రం మొదట్లో అవసరం కావచ్చు: పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ పరికరాన్ని వెతకాలన్నా లొకేషన్ అనుమతి కావాలి. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది. ప్రింటర్ కలిశాక లొకేషన్, కాంటాక్టులు ఆపేయండి.

అపోహ: యాప్ ఉంటే ప్రింటర్ ఎక్కువ కాలం పనికొస్తుంది.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా నష్టం చేసేది ఈ నమ్మకమే. నెట్ ద్వారా ప్రింట్ పంపే గూగుల్ క్లౌడ్ ప్రింట్ సేవ 2020 డిసెంబరు 31తో ఆగిపోయింది. యంత్రం బాగానే ఉన్నా, దాని మీదే ఆధారపడిన దారి మూసుకుపోయింది. ఇంట్లోనూ అంతే. కొడుకు ఫోన్‌తో ఖాతా తెరిచి హైదరాబాద్ వెళ్లిపోతే, పాస్‌వర్డ్ తెలియని తల్లిదండ్రులు ప్రింటర్ పక్కన పెట్టుకుని మళ్లీ జిరాక్స్ సెంటర్‌కే నడవాలి.

కొనే ముందు దుకాణంలో ఒక్క మాట అడగండి: “యాప్ లేకుండా ఒక పేజీ ప్రింట్ తీసి చూపిస్తారా?” చూపించకపోతే వేరే మోడల్ అడగండి.