వ్రాయబడినదను మాట



భూముల వివరములును, సంఘముల పద్దులును నేడు పెక్కుచోట్ల కంప్యూటరులకు ఎక్కినవి. గుమాస్తా మీట నొక్కి, "వ్రాయబడినది" అని చెప్పును. ఆ మాటను ఎంతవరకు నమ్మవచ్చునో తెలిసికొనుట మనకు అవసరము.

ప్రోగ్రాము అనబడునది తనంతట తాను డిస్కుపై వ్రాయదు. ఆపరేటింగ్ సిస్టమ్ అను పారుపత్తెదారు నడుమ నుండును. "ఈ ఫైలులో ఇది వ్రాయుము" అని ప్రోగ్రాము దానిని కోరవలెను. లినక్సు పద్ధతిలో ఈ కోరికకు బదులుగా ఒక సంఖ్య వచ్చును. వేయి బైట్లు ఇచ్చినచో, వేయి యని రావచ్చును. ఆరువందలే యనియు రావచ్చును. బైటు అనగా ఒక ఇంగ్లీషు అక్షరము పట్టునంత చోటు. మిగిలిన నాలుగు వందలను మరల పంపుట ప్రోగ్రాము బాధ్యతయే. డిస్కులో చోటు లేనిచో, సంఖ్యకు మారుగా దోషసూచన వచ్చును. ఈ బదులును చూడని ప్రోగ్రాము, ధాన్యము కొలిపించి కుంచములు లెక్కపెట్టని రైతు వంటిది.

సరే, వేయి యనియే బదులు వచ్చినదనుకొందము. అంతటితో పని ముగిసినదా? ముగియలేదు. డిస్కుపై వ్రాత నెమ్మదిగా సాగును. కావున లినక్సు ఆ బైట్లను మొదట మెమరీలో నుంచుకొని, పిదప డిస్కునకు చేర్చును. సాధారణముగా ఈ ఆలస్యము 30 సెకండ్లవరకు ఉండవచ్చును. ఈ నడుమ కరెంటు పోయినచో మెమరీలోనిది నశించును. తెరపై నూటికి నూరు పాళ్లు కనబడగనే పెన్‌డ్రైవును లాగివేసినవారు ఒక్కొక్కప్పుడు ఫైలు పోగొట్టుకొనుటకు ఇదియే కారణము.

"డిస్కునకు చేరిన పిదపనే బదులు చెప్పుము" అని కోరుటకు ఎఫ్‌సింక్ అను వేరొక ఏర్పాటు గలదు. నిజమైన రసీదు ఇదియే. అయితే ఈ రసీదు విషయమునను ఒక చిక్కు చాలకాలము దాగియుండెను. పోస్ట్‌గ్రెస్ అను ప్రసిద్ధమైన డేటాబేసు, ఎఫ్‌సింక్ విఫలమైనచో మరల అడుగుచుండెడిది. రెండవమారు "సఫలము" అని బదులు వచ్చెడిది. కాని లినక్సు దోషమును ఒకమారు తెలిపి, చేరని బైట్లను చేరినట్లే గుర్తు పెట్టుకొనుచుండెను! 2018లో ఈ సంగతి చర్చకు వచ్చెను. 2019 ఫిబ్రవరిలో పోస్ట్‌గ్రెస్ నిర్మాతలు పద్ధతిని మార్చిరి. అప్పటినుండి ఎఫ్‌సింక్ విఫలమైనచో అది మరల అడుగక, పని నిలిపివేసి, తన చిట్టానుబట్టి లెక్కలను సరిచేసికొనును.

చిట్టా యనుట ఉపమానము మాత్రమే కాదు. మన షావుకార్లు ముందు చిట్టా వ్రాసి, పిదప ఆవర్జాకు ఎక్కింతురు గదా! పోస్ట్‌గ్రెస్ సైతము ప్రతి మార్పును ముందుగా ఒక చిట్టాలో వ్రాసికొనును. ఆవర్జా చెడినను, చిట్టా చెడనిచో లెక్క దక్కును.

కావున పద్దు వ్రాయించునప్పుడు గుమాస్తాను మూడు ప్రశ్న లడుగుడు. ఇచ్చినదంతయు వ్రాయబడినదా? డిస్కునకు చేరినదా? దోషము వచ్చినచో తిరిగి కట్టుటకు వేరొక ప్రతి యున్నదా? పుచ్చుకొనుట వేరు, భద్రపరచుట వేరు. ఈ భేద మెరిగినవాని పద్దు చెడదు.