ఇంజనీరు ధర్మము

దమ్మపేటకు పొరుగుననున్న అశ్వారావుపేట మండలములో గుమ్మడవల్లి యను గ్రామము కలదు. అచట పెదవాగుపై కట్టిన జలాశయపు కట్ట 2024 జూలై 18వ తేదీన కుంభవృష్టికి తెగిపోయెను. దిగువనున్న వేలేరుపాడు, కుక్కునూరు మండలముల గ్రామములు నీటిపాలయ్యెను; వరదనడుమ చిక్కిన జనులను హెలికాప్టరుతో ఒడ్డునకు చేర్చవలసివచ్చెను; పంటభూములపై ఇసుక మేటలు వేసెను. ఆ కట్టకు మూడు తలుపులు కలవు. అందొకటి సమయమునకు లేవలేదని నాటి పత్రికలు వ్రాసినవి. తలుపులను పెందలకడనే ఎత్తియుండిన ఈ కీడు తప్పెడిదని దిగువ రైతులు మొఱపెట్టుకొనిరి.

వర్షము దైవాధీనము. తలుపు దైవాధీనము కాదు. వానకాలమునకు ముందు ఇనుపపలకకు పట్టిన చిలుమును గీకించి, మరకు నూనె వేయించి, ఒకసారి ఎత్తి దింపి చూచుట మనుష్యుడు చేయవలసిన పని. ఆ పని జరిగినదని పుస్తకమున సంతకము చేయువాడు ఇంజనీరు. అతని వృత్తిధర్మమంతయు ఆ సంతకమునందే ఇమిడియున్నది. చూడనిదానిని చూచితినని, కొలవనిదానిని కొలిచితినని వ్రాసినవాడు లంచము ముట్టకున్నను దోషియే. వైద్యుని పొరపాటు ఒక యింటిని ఏడ్పించును. ఇంజనీరు పొరపాటు ఊళ్లను ముంచును.

భారతదేశమున ఇంజనీర్లు తమ దినముగా జరుపుకొను సెప్టెంబరు 15వ తేదీ మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జన్మదినము. 1908లో మూసీ వరద హైదరాబాదును నాశనము చేసిన పిదప నిజాము ప్రభుత్వమువారు వారిని రప్పించిరి. వారి సలహాననుసరించి నిర్మింపబడిన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. అంతకు పూర్వమే, 1903లో, పూనా సమీపమునందలి ఖడక్‌వాస్లా జలాశయమునకు వారు క్రొత్తరకపు తలుపులను అమర్చిరి. నీరు నిర్ణీతమైన మట్టమునకు చేరగనే అవి తమంతట తామే తెఱచుకొనును. వానికి పేటెంటు పొందియు, సర్కారు ఉద్యోగిగా చేసిన పనికి వేరు ప్రతిఫలము తగదని వారు రాయల్టీని స్వీకరింపలేదు. కావలివాడు నిద్రించినను జనులకు కీడు రాకుండ చూచిన బుద్ధియు, న్యాయముగా రాదగిన సొమ్మునుగూడ వలదనిన శీలమును ఒక్కనియందే యుండుట గమనింపదగినది.

పెదవాగు కట్ట తెలంగాణములోనిది. ఆయకట్టులో అధికభాగము ఆంధ్రప్రదేశములోనిది. 2014 విభజనానంతరము ఇట్టిచోట్ల మరమ్మతు ఖర్చు ఎవరిదను ప్రశ్న కాగితములపై ఎంతకాలమైనను తిరుగవచ్చును. వాగు ప్రత్యుత్తరమునకై వేచియుండదు. అట్టి సమయమున ఇంజనీరు చేయవలసిన దేమి? అపాయమును లిఖితపూర్వకముగా పై అధికారికి తెలుపవలెను. ఒకసారి వినకున్న మఱల వ్రాయవలెను. నీరు పొంగుచుండగా అనుమతికై ఎదురుచూడక, దిగువ గ్రామములకు ముందుగా చాటింపు వేయింపవలెను. బదిలీకి వెఱచి మిన్నకుండుట వినయము కాదు, పిఱికితనము. 1920లో నెలకొని 1935లో రాజశాసనము పొందిన ఇంజనీర్ల సంస్థయు ప్రజల క్షేమమును తన సభ్యుల ప్రథమ కర్తవ్యముగా నెంచుచున్నది.

అయితే తప్పంతయు ఇంజనీరుపై మోపి మనము చేతులు కడుగుకొనుట ధర్మము కాదు. పనులకు వచ్చిన ఉద్యోగిని కంట్రాక్టరు ఇంట విందునకు పిలుచువారెవరు? మన తోటలోని మామిడిపండ్ల గంపను వాని యింటికి పంపువారెవరు? మన చేనికి ఒక కాలువతూము అదనముగా వేయించుకొనుటకై వానిని ఆశ్రయించువారెవరు? గ్రామపు పెద్దలమైన మనమే గదా! నేడు మన గంప నందుకొన్నవాడు రేపు కంట్రాక్టరు సంచిని వలదనునని ఎట్లు నమ్మగలము?

కావున రాబోవు వానకాలమునకు ముందు ప్రతి చెఱువు, ప్రతి జలాశయము చెంతకును రైతులు పోయి, తమ కన్నులయెదుట తలుపు లెత్తి చూపుమని ఇంజనీరును మర్యాదతో అడుగవలెను. నిజాయితీగలవాడు సంతోషముతో చూపును. చూపనివానిని గూర్చి పైవారికి వ్రాయుట మన విధి. తెగిన కట్టను మరల కట్టవచ్చును; తెగిన నమ్మకమును కట్టుట కష్టము.