శాస్త్రపట్టమా? ఇంజనీరింగు పట్టమా?

ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతిక, రసాయన శాస్త్రములు చదివి ఉత్తీర్ణులైన పిల్లలు గల ప్రతి యింటను ఏటేట ఒక ప్రశ్న తలయెత్తుచుండును. వారిని నాలుగేండ్ల ఇంజనీరింగు చదువులో చేర్పవలెనా? లేక ఎలక్ట్రానిక్సు, కంప్యూటరు శాస్త్రము, పారిశ్రామిక రసాయనము వంటి అనువర్తిత విషయములతో కూడిన బి.ఎస్‌సి.లో చేర్పవలెనా? ప్రవేశపరీక్షలో వచ్చిన ర్యాంకును బట్టియో, బంధువుల మాటను బట్టియో ఈ నిర్ణయము జరిగిపోవుట పరిపాటి. ఈ రెండు చదువుల స్వభావమును, వానికి పట్టు కాలమును ముందుగా తెలిసికొనుట మంచిది.

మన యింటిలోని రేడియోనే తీసికొందము. అందలి ట్రాన్సిస్టరు గుండ విద్యుత్తు ఏ నియమమున ప్రవహించును? వేడి సోకినపుడు దాని గుణమేల మారును? ఇవి శాస్త్రవిద్యార్థి ప్రశ్నలు. ఆ ట్రాన్సిస్టరుతోనే వేసవి వేడికి చెడక, పదేండ్లు పలుకునట్టి రేడియోను తక్కువ వెలకు నిర్మించుట ఎట్లు? ఇది ఇంజనీరు ప్రశ్న. మొదటివాని దృష్టి కారణముపై నుండును. రెండవవాని దృష్టి రూపకల్పన, భద్రత, వ్యయములపై నుండును. అనువర్తిత శాస్త్రము వీని నడుమ నున్నది. అది పలు విషయముల మూలసూత్రములను, వాని ఉపయోగములను నేర్పును గాని, ఏదో యొక శాఖలో నిర్మాణకౌశలమును సంపూర్ణముగా నీయదు.

తెలుగువారిలోనే ఇరుత్రోవలకును ఉదాహరణములు కలవు. నాగార్జునసాగర్ నిర్మాణముతో పేరు ముడివడిన కె.ఎల్. రావుగారు మద్రాసులోని గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఆనకట్టల నిపుణులుగా ప్రసిద్ధులైరి. హైదరాబాదులో 1967లో ఎలక్ట్రానిక్సు కార్పొరేషను స్థాపనకు సారథ్యము వహించిన ఎ.ఎస్. రావుగారు మొదట కాశీ హిందూ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి, పిమ్మట అమెరికాలోని స్టాన్‌ఫర్డులో ఇంజనీరింగు అభ్యసించిరి.

ఇక కాలవ్యయము మాట. బి.ఎస్‌సి. మూడేండ్లలో ముగియును గనుక ఒక యేడాది కలిసివచ్చునని పలువురు తలంతురు. కాని ప్రభుత్వశాఖలలో అసిస్టెంటు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు ఉద్యోగమునకు సంబంధిత శాఖలో ఇంజనీరింగు పట్టము కావలెను, బి.ఎస్‌సి. చాలదు. ట్రాంబేలోని అణుపరిశోధనా కేంద్రమున 1957లో ప్రారంభమైన శిక్షణాలయము నేడు ఇంజనీరింగు పట్టభద్రులను, శాస్త్రములలో ఎం.ఎస్‌సి. ముగించినవారిని చేర్చుకొనుచున్నది. అనగా ఒకే తరగతి గదికి ఒకడు నాలుగేండ్లలోను, మరియొకడు ఐదేండ్లలోను చేరునన్నమాట. శాస్త్రము చదివింపదలచిన కుటుంబము ఆ ఐదేండ్ల వ్యయమును మొదటనే లెక్కించుకొనవలెను.

ఒక త్రోవ నుండి మరియొక త్రోవకు మారుటకు వీలు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెంటను గణితముతో బి.ఎస్‌సి. ముగించినవారు ఈసెట్ పరీక్ష వ్రాసి ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. అప్పుడు మొత్తము ఆరేండ్లు పట్టును. ఇంజనీరింగు చదివినవారును బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వంటి చోట్ల కొన్ని శాస్త్రవిభాగములలో పరిశోధనకు అర్హులే.

విదేశములకు పంపదలచినవారు పట్టము పేరును మాత్రమే చూచి భ్రమపడరాదు. కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమున 'బాచిలర్ ఆఫ్ అప్లైడ్ సైన్సు' అనునది ఇంజనీరింగు పట్టమే. ఇతర దేశములలో ఇట్టి పేరుతోనే ఇంజనీరింగు కాని చదువులును కలవు.

పొలము తాకట్టు పెట్టి, ప్రయోగశాలలు సరిగా లేని కళాశాలలో ఇంజనీరింగు సీటు సంపాదించుట కంటె, మంచి అధ్యాపకులున్న చోట శాస్త్రము చదివించుట మేలు. అట్లే, వంతెనలో యంత్రములో నిర్మింపవలెనని తహతహలాడు పిల్లను, ఒక యేటి ఖర్చు తగ్గునన్న ఆశతో బి.ఎస్‌సి.లో చేర్చుట తగదు. రుసుము చెల్లించుటకు ముందు రెండు చదువుల పాఠ్యప్రణాళికలను తెప్పించి పిల్లల యెదుట నుంచుడు. ఏ పాఠములు చదువుటకు మనస్సు ఉబలాటపడుచున్నదో వారినే అడుగుడు.