కంటబడిన మచ్చను చెప్పవలెనా?

ఇంటిలో ఒకరి వీపుమీద పాలిపోయిన మచ్చ ఒకటి మన కంటబడినది. దాని సంగతి వారెరుగరు. చెప్పినచో నొచ్చుకొందురేమో, చెప్పకున్నచో కీడు కలుగునేమో అని మనము తటపటాయింతుము. ఆ ఇంట పెండ్లి మాటలు నడుచుచున్నచో ఈ సందేహము మరింత బరువెక్కును. ఏలయన, అట్టి మచ్చను చూడగానే మనకు తోచునది, నోట పలుకుటకు జంకునది ఒకటే పేరు: పెద్దరోగము.

మచ్చలన్నియు కుష్ఠు వ్యాధివి కావు. శోభి, తామర, బొల్లి మొదలగునవి అనేకము కలవు. తామర సాధారణముగ దురద పెట్టును. బొల్లి మచ్చ తెల్లనైనను అక్కడ స్పర్శ చెడదు. కుష్ఠు మచ్చ పాలిపోయి గాని ఎరుపెక్కి గాని యుండును. తరచుగ అచట స్పర్శ తగ్గును. వీటిని నిర్ణయించుట వైద్యుని పని. మనము సూదితోనో వేడి గరిటెతోనో పరీక్షింపబూనరాదు.

నొప్పి లేకపోవుటయే ఈ వ్యాధిలోని మోసము. మనిషిని వైద్యుని వద్దకు నడిపించునది నొప్పి. ఈ వ్యాధి నరములను చెరచి ఆ హెచ్చరికనే తీసివేయును. అప్పుడు బోధన్ ప్రాంతమున చెరకు నరకు కూలికి కొడవలి తెగినను తెలియదు; పొయ్యి ముందరి ఇల్లాలికి చేయి కాలినను తెలియదు. పుండ్లు ముదిరి వ్రేళ్ళు చెడును. పైగా క్రిమి శరీరమున చేరిన పిమ్మట లక్షణములు పొడసూపుటకు సగటున 5 ఏండ్లు, ఒక్కొక్కప్పుడు 20 ఏండ్లు కూడ పట్టును. వీపుమీది మచ్చ రోగికి కనబడదు. తలంటునాడు వీపు రుద్దు తల్లికో భార్యకో కనబడును. చూచినవారు చెప్పనిచో చెప్పువారే లేరు.

ఈ వ్యాధితో మన జిల్లాకు పాత పరిచయము కలదు. స్కాట్లండు వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ నిజామాబాదు సమీపమున డిచ్‌పల్లిలో 1915లో విక్టోరియా కుష్ఠు వైద్యాలయమును నెలకొల్పిరి. రాజా నర్సాగౌడు అందుకు ధనసహాయము చేసిరి. ఆనాటి రోగులకు నూనె మందును సూదితో ఎక్కించుచుండిరి. అది బాధాకరము, దీర్ఘకాలికము. నేడట్లు కాదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సలో మందులను రోగస్థితిని బట్టి 6 నెలలో 12 నెలలో మ్రింగిన చాలును. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఇవి ఉచితము. మందు మొదలిడిన కొలది కాలమునకే ఇతరులకు సోకు భయము తొలగును. అసలు నూటికి 95 మందికి పైగా ఈ క్రిమిని తట్టుకొను శక్తి సహజముగనే కలదు.

అయినను నోరు మెదపనీయనిది రోగభయము కాదు, లోకభయము. అది ఉత్త భ్రమయు కాదు. మన వివాహ చట్టములలోనే ఈ వ్యాధి విడాకులకు ఒక కారణముగ నుండెను. 2019లో గాని పార్లమెంటు దానిని తొలగింపలేదు. కావున చెప్పవలెనా అను ప్రశ్నకు చెప్పవలెననియే జవాబు. ఎట్లు చెప్పవలెననునది మిగిలిన ప్రశ్న.

నలుగురిలో చెప్పరాదు. రోగము పేరెత్తరాదు, చూచినది మచ్చను గాని రోగమును కాదు గదా. "అక్కా, నీ వీపు మీద ఒక మచ్చ ఉన్నది. నీకు కనబడే చోటు కాదని చెబుతున్నా. రేపు దవాఖానకు నేను కూడా వస్తా" అనిన చాలును. ఆమె కాదనినచో నాలుగు దినములాగి మరల అడుగవలెను. ఈలోగా పొరుగింట గాని, వియ్యాలవారి చెవిని గాని ఆ మాట వేయరాదు. ఆ మచ్చ ఆమెది. ఎవరికి చెప్పవలెనో ఆమెయే నిర్ణయించుకొనును.

మచ్చ ఉత్త శోభియే అయినచో పోవునది ఒక పూట. కాకున్నచో మన మౌనమువలన పోవునది ఆమె చేయి.