మూడేళ్ల ఇంగ్లిష్ సింగిల్ మాల్ట్: సీసా మీద ‘12’ లేకపోతే తక్కువ సరుకేనా?

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో తెలుగు బాగా వినిపించే పేటల్లో నిమ్‌పురా ఒకటి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల కోసం ఇంకా దూరం వెళ్తున్నారు. అలా ఇంగ్లండ్ వెళ్లిన కుర్రాడొకడు సెలవులకు వస్తూ ఒక విస్కీ సీసా తెచ్చాడనుకుందాం. స్కాచ్ కాదు, ఇంగ్లిష్ సింగిల్ మాల్ట్. విమానంలో వచ్చేవారు 2 లీటర్ల వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. సీసాను అటూ ఇటూ తిప్పి చూసిన చిన్నాన్న అడిగే మొదటి మాట మాత్రం ఇదే: ‘‘ఏరా, దీని మీద 12 అని లేదేంటి?’’

అడగాల్సిన ప్రశ్నే. మన దగ్గర విస్కీకి హోదా ఇచ్చేది ఆ అంకే. కానీ ఇంగ్లండ్ డిస్టిలరీల్లో చాలావాటికి 12 ఏళ్ల సరుకు చూపించేంత వయసే లేదు.

లండన్‌లోని లీ వ్యాలీ డిస్టిలరీ 20వ శతాబ్దం మొదట్లో మూతపడ్డాక, వందేళ్లపాటు ఇంగ్లండ్‌లో మాల్ట్ విస్కీ తయారీ లేదు. 2006లో నార్‌ఫోక్‌లో నెల్‌స్ట్రాప్ కుటుంబం సెయింట్ జార్జ్ డిస్టిలరీని మొదలుపెట్టింది. అక్కడి చట్టం ప్రకారం చెక్క పీపాలో కనీసం 3 ఏళ్లు ఉంటేనే దాన్ని విస్కీ అని అమ్మాలి. అందుకే వాళ్ల తొలి విస్కీ 2009 డిసెంబర్‌లో గానీ బయటికి రాలేదు. 2014లో మొదలైన కాట్స్‌వోల్డ్స్ కూడా 2017 దాకా ఆగింది.

మరి ఈ లేత సరుకు నిలబడిందా? 2022 వరల్డ్ విస్కీస్ అవార్డ్స్‌లో ప్రపంచ ఉత్తమ సింగిల్ మాల్ట్‌గా ఎంపికైంది ఇంగ్లండ్‌లోని లేక్స్ డిస్టిలరీ విస్కీ. 2024లో అదే బహుమతి నార్‌ఫోక్ వాళ్ల షెర్రీ పీపా విస్కీకి దక్కింది. పోటీల తీర్పే వేదం కాదు గానీ, వయసు అంకె ఒక్కటే చూసి పక్కన పెట్టేయలేమని అర్థమవుతుంది.

పీపాలో ఏం జరుగుతుంది?

సీసా మీది అంకె అందులో కలిసిన అతి లేత విస్కీ వయసు. పీపాలో ఎన్నాళ్లుందో అది చెబుతుంది. ఎంత వేడిలో ఉంది, ఎలాంటి పీపాలో ఉంది అన్నది చెప్పదు.

లెక్క వేసి చూడండి. చల్లటి బ్రిటన్‌లో పీపా నుంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. బెంగళూరులో అమృత్ సంస్థ చెప్పే నష్టం ఏటా 10 శాతం పైనే. 200 లీటర్ల పీపాలో మూడేళ్లకు అక్కడ 188 లీటర్లు మిగిలితే ఇక్కడ 146. పన్నెండేళ్లకు అక్కడ 157, ఇక్కడ 56. వేడికి చెక్కలోంచి సారం కూడా త్వరగా దిగుతుంది. 2004లో గ్లాస్గోలో విడుదలైన అమృత్‌కు స్కాచ్ వయసు అక్కర్లేకపోవడానికి కారణం ఇదే. ఎండలో మగ్గే నిమ్‌పురాలో పీపా పెడితే 12 ఏళ్లు ఆగాలని ఎవరూ అనుకోరు.

ఇంగ్లండ్‌కు ఈ ఎండ లేదు. అందుకే వాళ్లు పీపా మీద దృష్టి పెట్టారు. కాట్స్‌వోల్డ్స్ వాడే ఎర్ర వైన్ పీపాల లోపలి పొరను గీకి, సెగ చూపించి, మళ్లీ మాడుస్తారు. కొత్తగా తేలిన చెక్క నుంచి రంగు, తీపి తొందరగా వస్తాయి. ఈ పద్ధతికి పేరు తెచ్చిన జిమ్ స్వాన్ తైవాన్‌లోని కవలాన్‌కూ సలహాదారుగా పనిచేశారు. ముదురు రంగు చూసి పాతదని నమ్మకూడదనడానికి ఇదొక కారణం.

రుచి చూసేటప్పుడు

‘గది ఉష్ణోగ్రతలో తాగండి’ అని రాసేవారి మనసులో ఉండేది ఇంగ్లండ్ గది, అంటే 20 డిగ్రీల లోపు. మే నెల నిమ్‌పురాలో అలా పోస్తే ఆల్కహాల్ ముందు లేచి ముక్కు మండిస్తుంది. పాపం, తప్పు విస్కీ మీద పడుతుంది. సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరిపోతుంది. ఐస్ వేస్తే వాసనలు అణిగిపోతాయి. సోడా సంగతి చెప్పనక్కర్లేదు.

మూతి సన్నటి గ్లాసులో 20 మిల్లీలీటర్లు చాలు. లేత మాల్ట్‌లో మొదట తగిలేది ధాన్యం వాసన. మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీయే. చోళ్లు మొలకెత్తించి పిండి పట్టించిన ఇళ్లవాళ్లు ఆ వాసనను ఇట్టే పోల్చుకుంటారు. తర్వాత మాగిన అరటిపండు, ఆపిల్: ఇవి పులియబెట్టినప్పుడు పుట్టే ఈస్టర్లు. పీపా నుంచి వచ్చేవి వెనిల్లా, కొబ్బరి. షెర్రీ పీపాదైతే ఎండుద్రాక్ష, బెంగాల్ శీతాకాలపు ఖర్జూర బెల్లం గుర్తొస్తాయి. వీటిలో ఏదీ తగలకుండా స్పిరిట్ మంట, పచ్చి చెక్క వగరు మాత్రమే మిగిలితే అది నిజంగా తొందరపడి సీసాలో పోసిన సరుకే. అలాంటివీ ఉన్నాయి, ధర మాత్రం తగ్గదు.

ఈ విస్కీలు తరచూ 46 శాతం ఆల్కహాల్‌తో వస్తాయి. అర చెంచా నీళ్లు కలిపి మళ్లీ వాసన చూడాలి. నీళ్లు కలిపితే గ్వయకాల్ వంటి వాసన అణువులు పైపొరకు చేరతాయని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ నమూనాలతో చూపారు. ఇదంతా రుచి సంగతి. ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

ఇక ధర. 2025 జులై 24న సంతకాలైన భారత్-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం ప్రకారం విస్కీపై 150 శాతం దిగుమతి సుంకం ముందు 75కు, పదేళ్లలో 40కి దిగాలి. అయితే దుకాణం ధరలో పెద్ద వాటా రాష్ట్రాల ఎక్సైజ్‌ది. అది ఈ ఒప్పందంలో లేదు. కాబట్టి ఖరగ్‌పూర్‌లోనైనా విశాఖలోనైనా సుంకం తగ్గినంత మేర ధర తగ్గదు.

సీసాలో మిగిలినదాన్ని నిలబెట్టే ఉంచాలి. పడుకోబెడితే గాఢమైన ఆల్కహాల్ కార్క్‌ను తినేస్తుంది.