రాణులు ఏలిన నేలలో దళిత మహిళ ఓటు

గద్వాల సంస్థానాన్ని చివరగా ఏలింది మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ. వనపర్తిలో పందొమ్మిదో శతాబ్దంలోనే రాణి శంకరమ్మ పాలన చేసింది. కోటలు చూపించేటప్పుడు ఈ పేర్లు గర్వంగా చెప్తారు. ఆడవాళ్ళు రాజ్యమేలిన నేల అంటారు. అదే కాలంలో కోట బయట, వాడలో ఉన్న మన అవ్వలకు ఓటు లేదు. ఉన్నదల్లా వెట్టి. రాణికి అధికారం వంశం నుంచి వచ్చింది. మన అవ్వలకు రావాలంటే రాజ్యాంగమే రావాల్సి వచ్చింది.

ఎన్నికలు రాగానే మహిళల ఓట్లే కీలకమని అన్ని పార్టీలూ అంటాయి. ఆ ఓటు మనదాకా ఎట్లా వచ్చిందో, ఇంకా ఎక్కడ ఆగిపోయి ఉందో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వైపు నుంచి చూద్దాం.

పట్టా ఉంటేనే ఓటు

తుంగభద్ర అవతల కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1921లో మద్రాసు శాసన మండలి మహిళలకు ఓటు ఇచ్చింది. అయితే అది ఆస్తి ఉన్నవాళ్ళకే. 1935 చట్టం కొంత సడలించి ఆస్తిపరుల భార్యలను, చదువుకున్న మహిళలను కూడా చేర్చింది. భూమి, పన్ను, చదువు. ఈ మూడింటికీ దూరంగా ఉంచిన వాళ్ళెవరో వేరే చెప్పాలా? నదికి ఇవతల నిజాం రాజ్యంలోనైతే ప్రజలందరికీ ఓటు అన్న మాటే లేదు.

1928లో సైమన్ కమిషన్ ముందు బాబాసాహెబ్ అంబేద్కర్ స్త్రీ పురుషులందరికీ వయోజన ఓటు కావాలని అడిగారు. చదువు రాని వాళ్ళకు ఓటెందుకు అని పెద్దలు వాదిస్తున్న రోజులవి. చివరికి రాజ్యాంగంలోని 326వ అధికరణ వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. మతం, జాతి, కులం, లింగం చూపి ఎవరినీ ఓటరు జాబితాకు దూరం పెట్టకూడదని 325వ అధికరణ చెప్పింది. దొరసానికీ ఒక్క ఓటే, ఆమె పొలంలో నాట్లు వేసే కూలికీ ఒక్క ఓటే. రెండింటి లెక్కా ఒకటే.

ఆ లెక్క మొదటి ఎన్నికల్లోనే దెబ్బతిన్నది. 1951-52లో దేశవ్యాప్తంగా దాదాపు 28 లక్షల మంది మహిళల పేర్లు జాబితా నుంచి తీసేశారు. ఎక్కువమంది ఉత్తరాది రాష్ట్రాల వాళ్ళు. సొంత పేరు చెప్పకుండా ఫలానా వాళ్ళ భార్య, ఫలానా వాళ్ళ తల్లి అని నమోదు చేయించుకోవడమే కారణం. సొంత పేరు లేనిదే ఓటు లేదని అప్పుడే తేలింది.

కాగితం మీది హక్కు చేతికి రావడం వేరే పోరాటమని ప్రపంచ చరిత్రా చెప్తుంది. అమెరికాలో 1920లో మహిళలకు ఓటు వచ్చింది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి మహిళలను అక్షరాస్యత పరీక్షలతో, బెదిరింపులతో బూత్ బయటే ఆపారు. 1965 ఓటు హక్కు చట్టం దాకా వాళ్ళు కొట్లాడాల్సి వచ్చింది.

వేసే ఓటుంది, గెలిచే సీటేది?

వనపర్తి నుంచి 1962లో, 1967లో రాణి కుముదిని దేవి శాసనసభకు వెళ్ళారు. గద్వాల నుంచి డీకే అరుణ 2004, 2009, 2014లో గెలిచారు. రెండూ జనరల్ సీట్లు. గెలిచింది ఒకరు సంస్థానం ఇంటి నుంచి, ఒకరు రాజకీయ కుటుంబం నుంచి.

ఇప్పుడు రిజర్వుడు సీట్లు చూడండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అసెంబ్లీ స్థానాలు మూడూ నాగర్‌కర్నూల్ లోక్‌సభ పరిధిలోనివే. అది ఎస్సీ రిజర్వుడు స్థానం. అక్కడ ఇంతవరకు ఒక్క మహిళ గెలవలేదు. దాని కిందే ఉన్న ఎస్సీ రిజర్వుడు స్థానాలు అలంపూర్, అచ్చంపేటల్లో 2009 నుంచి 2023 దాకా జరిగిన నాలుగు సాధారణ ఎన్నికల్లోనూ పురుషులే గెలిచారు. మహిళ అంటే పైకులాల మహిళ, దళితుడు అంటే మగవాడు. మధ్యలో దళిత మహిళ ఓటు వేసి ఇంటికి పోతున్నది.

సమర్థులు లేరనే మాట చెల్లదు. టీఎన్ సదాలక్ష్మి 1957లోనే పెద్దపల్లి నుంచి గెలిచారు, తర్వాత ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉపసభాపతి అయ్యారు. జె. ఈశ్వరీబాయి 1967లో ఎల్లారెడ్డి నుంచి రిపబ్లికన్ పార్టీ తరఫున గెలిచి సభను నిలదీశారు. ఇద్దరూ తెలంగాణ దళిత మహిళలే.

2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ లోక్‌సభలో, అసెంబ్లీల్లో మూడోవంతు సీట్లు మహిళలకు ఇవ్వాలంటుంది. ఎస్సీ, ఎస్టీ సీట్లలోనూ మూడోవంతు వాళ్ళ మహిళలకే. కానీ జనగణన, నియోజకవర్గాల పునర్విభజన తర్వాతే అమలు అని ఆ సవరణలోనే రాసుకున్నారు. అప్పటిదాకా టికెట్ ఇవ్వకుండా పార్టీలను ఆపుతున్న చట్టమేదీ లేదు.

ఓటు జారిపోయే దారులు

ఊర్లో మహిళలకు సగం పంచాయతీ సీట్లు ఉన్నాయి. అయినా ఏకగ్రీవం పేరుతో సర్పంచ్ పదవికి వేలం పాడితే ఆ పదవికి ఓటింగే ఉండదు. వేలంలో పాట పాడేది డబ్బున్న మగవాళ్ళే. దళిత మహిళ సర్పంచ్ అయినా కుర్చీలో భర్తో, వెనక పెద్దమనిషో కూర్చుంటే ఆమె గెలుపు సంతకం వరకే.

పాలమూరుకు వలస పాతది. గుంపు మేస్త్రీ వెంట హైదరాబాద్, ముంబయి, పుణే పోయిన తల్లుల పేర్లు జాబితా సవరణల్లో పోయే ప్రమాదం ఎక్కువ. 2025లో బిహార్‌లో ప్రత్యేక సవరణ జరిగినప్పుడు ముసాయిదా జాబితాలో దాదాపు 65 లక్షల పేర్లు లేకుండా పోయాయి. పెళ్ళయి ఇంకో ఊరికి పోయిన ఆడపిల్ల పేరు పుట్టింట తీసేసి అత్తింట ఎక్కించకపోతే ఆమె ఓటు దారిలోనే పోయినట్టు.

అందుకే కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. కొత్త ఓటుకు ఫారం 6, ఇల్లు మారితే, తప్పులు దిద్దాలంటే ఫారం 8. పద్దెనిమిది నిండిన పిల్లలకు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తేదీలు. అసెంబ్లీ, లోక్‌సభ పోలింగ్ రోజున రోజుకూలీలకు కూడా వేతనంతో సెలవు ఉంటుందని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ చెప్తుంది. ఓటు వేయొద్దని, ఫలానా వాళ్ళకే వేయాలని, నామినేషన్ వేయొద్దని దళితులను బెదిరిస్తే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఎన్నికైన దళిత సర్పంచ్‌ను పని చేయనివ్వకపోవడమూ, ఓటు వేసినందుకు సంఘ బహిష్కరణ చేయడమూ అదే చట్టం కింద నేరాలే.

మన అవ్వలు 1952లో మొదటిసారి బూత్‌కు పోయారు. వాళ్ళు తెచ్చుకున్నది సగం హక్కు. మిగతా సగం నాగర్‌కర్నూల్ నుంచి ఒక దళిత మహిళ గెలిచి పార్లమెంటుకు పోయిన రోజున మొదలవుతుంది. ఈసారి ఓటు అడగడానికి వాడకొచ్చే ప్రతి పార్టీనీ మనం ముందుగా అడగాల్సింది ఒకటే: మా ఆడబిడ్డకు టికెట్ ఎప్పుడిస్తారు?